అత్తరు వ్యాపారి డబ్బా కెమెరా

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అనకాపల్లి స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తూ నా భార్యకు ఫొటో తీయబోయాను. నాది ఖరీదైన కెమెరా. దూరం ఏడడుగులని కొలిచి, వెలుతురు లెక్కకట్టి, కెమెరాను కంటికి ఆనించాను. పెళ్ళయిన మూడేళ్ళలో తీసిన ప్రతి ఫొటోలోలాగే ఆమె ముఖం బిగుసుకుపోయింది.

పక్క బెంచీ మీద కూర్చున్న అత్తరు వ్యాపారి నవ్వాడు.

"మొకం కెమెరా ఎనకాల దాసీసుకుంటే ఆయమ్మ ఎవుల్ని సూసి నవ్వుతాది బాబూ?"

అతని వద్ద ఉన్నది మామూలు డబ్బా కెమెరా. ఆమెను ఎండలోంచి రేకుల నీడ అంచుకు జరగమన్నాడు. డబ్బాను పొట్టకు ఆనించి, బొమ్మ కనబడే దాని పైఅద్దంలోకి ఒక్కసారి చూసి, తలెత్తాడు.

"తల్లీ, ఈ బాబు ఇంటికాడ కూడా అన్నీ కొలిసే సేత్తాడేటి?"

"కూరలో ఉప్పు కూడా!" అంటూ ఆమె పకాలున నవ్వింది. అతను మీట నొక్కాడు.

మా చిరునామా తీసుకుని అతను పోస్టులో పంపిన ఫొటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. ఆమె నవ్వింది నా గురించే. కాని నన్ను చూసి కాదు.

ఆ నెలలోనే నా కెమెరా అమ్మి, డబ్బా కెమెరా కొన్నాను. ఎందుకని ఆమె అడిగితే, బరువు తక్కువని చెప్పాను.