కొత్త చట్టి ఎందుకు పగులుతుంది?

ఈ ఉదయం తిరుపతిలో మా వంటింట్లో కొత్త మట్టి చట్టిలో గంజి కాగుతుంటే తడి మట్టి వాసన ఇల్లంతా పరుచుకుంది. ఆ వాసన వస్తే నాకు పలమనేరు మునెమ్మక్క గుర్తుకొస్తుంది. చిన్న వెబ్‌సైట్లను నెట్ వెతుకులాటలో పైకి తెచ్చే పని నాకు నేర్పింది ఆమే. ఆమెకు కంప్యూటరు తెరవడం కూడా రాదు.

డిగ్రీ పూర్తయిన ఏడాది ఆమె మట్టిపాత్రల అంగడిలో పనికి కుదిరాను. బెంగళూరు వెళ్లే బండ్లన్నీ కొత్త బైపాసు పట్టడంతో అంగడి ముందు ఆగేవాళ్లు తగ్గిపోయారు. ఇలాగే సాగితే బట్టీ ఆర్పేయక తప్పదని ఆమె దిగులు. నేను ఉత్సాహంగా వెబ్‌సైటు తయారుచేసి, ‘మేలైన మట్టిపాత్రలు’ అనే మాటను వీలైనన్ని చోట్ల ఇరికించాను. మూడు నెలలైనా, వెతికితే ఐదో పేజీలో కూడా మా పేరు లేదు. ఒకరోజు ఆమె నేను రాసిందంతా నాచేత గట్టిగా చదివించుకుంది.

“ఇదేంది మే, ఒకే మాట ఇన్నితూర్లు సెప్పినావు? అంగడికొచ్చినోళ్లకి నేనిట్లా సెప్తే నిలబడతారా?” అని నవ్వింది. “రేపట్నుంచి నా పక్కన కూర్చో. వాళ్లేం అడుగుతారో రాసుకో.”

కూర్చున్నాను. మూడో రోజు ఒకామె పగిలిన చట్టిని సంచిలో వేసుకుని కోపంగా వచ్చింది. “తీసకపోయిన దినమే పగిలిపాయ. ఇట్లాంటివా అమ్మేది?” మునెమ్మక్క ముక్కలు చేతిలోకి తీసుకుని చూసి, “నానబెట్టకుండా గ్యాసు మీద పెట్టినావా తల్లీ?” అని అడిగింది. ఆమె అవునని తలూపింది. కొత్త చట్టిని రోజంతా నీళ్లలో ఉంచి, సన్నని సెగ మీద గంజి కాచాలని అక్క ఓపికగా చెప్పి, ఇంకొకటి ఇచ్చి పంపింది.

“తప్పు నాదే. అమ్మేటప్పుడే సెప్పల్ల,” అంటూ నావైపు తిరిగింది. “ఇది రాయి. మన చట్టి పగులుతాదని రాయి. ఎప్పుడు పగులుతాదో అదీ రాయి.”

“అలా రాస్తే ఎవరు కొంటారక్కా?”

“పగిలినాక తెలిసేదానికంటే ముందే తెలిస్తే మేలు కదా మే.”

భయపడుతూనే ‘కొత్త చట్టి ఎందుకు పగులుతుంది?’ అని పేరు పెట్టి, ఆమె మాటలనే రాశాను. తర్వాత ఒక్కో ప్రశ్నకూ ఒక్కో పేజీ. నెలలు గడిచేకొద్దీ మా పేజీ మెల్లగా పైకి జరిగి, ఒక ఉదయం అందరికన్నా ముందు కనిపించింది. ఫోను ఆమె ముందు పెట్టాను. “పైన ఉండేది మనదేనా?” అని రెండుసార్లు అడిగి, చేతిమట్టి చీరకు తుడుచుకుని తెరను తాకబోతుంటే ఫోను మోగింది. నెల్లూరు నుంచి ఎవరో, చేపల పులుసు వండిన చట్టిలో పాలు కాచవచ్చా అని. మునెమ్మక్క జవాబు చెబుతూనే, రాసుకో అన్నట్టు నాకు సైగ చేసింది. నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు. ఆ ఏడు బట్టీ ఒక్క వారం కూడా ఆగలేదు.

ఇప్పుడు నేను చిన్న వ్యాపారాలకు ఈ పనే చేస్తున్నాను. మొన్న కాణిపాకంలో ఒక లాడ్జి యజమాని తన పేరు నెట్‌లో పైన రావాలన్నాడు. ఒక పూటంతా ఆయన కౌంటరు దగ్గర కూర్చున్నాను. ఎక్కువమంది అడిగింది వేడినీళ్ల గురించే. ఉదయం ఆరు దాటాకే వస్తాయని రాద్దామంటే ఆయన ముఖం చిన్నబోయింది. “అట్లా రాస్తే పెందలాడే దర్శనానికి పోయేవాళ్లు మనకాడికి రారు కదమ్మా,” అన్నాడు. ఆ వెంటనే తనే పనివాణ్ణి పిలిచి, రేపట్నుంచి నాలుగింటికే నీళ్లు కాచమన్నాడు.

సరే, నాలుగని రాస్తానన్నాను. మర్నాడు నాలుగింటికే కొళాయి కింద చెయ్యి పెట్టి చూసుకున్నాకే రాశాను.