సర్దారు మోకాళ్ల చుట్టూ కంచె

కరోనా సద్దుమణిగి ఓపీలు మళ్లీ మామూలుగా నడుస్తున్న ఏడాది, జూన్ నెలలో నన్ను శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖనిలోని బొగ్గుబావుల కంపెనీ ఆసుపత్రికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా బదిలీ చేశారు. సర్వీసు ఇంకా మూడేళ్లు మిగిలి ఉంది. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదని అప్పట్లో నా నమ్మకం. ఇలాంటి నమ్మకం ముదిరిన వాళ్ల దగ్గరికే దేవుడు రాజనర్సు లాంటి పేషెంట్లను పంపుతాడు.

రాజనర్సు బొగ్గుబావిలో సర్దారుగా చేసి రెండేళ్ల కిందట రిటైరైనవాడు. సర్దారు అంటే భూమి లోపల ఒక భాగానికి బాధ్యుడు. షిఫ్టు మొదలుకాక ముందే ఆ చోటంతా తిరిగి, కర్రతో పైకప్పును తట్టి, మోత విని, అక్కడ మనుషులు పనిచేయవచ్చో లేదో తేల్చి రిపోర్టు పుస్తకంలో రాయాలి. అనుమానం వస్తే అడ్డంగా కంచె కట్టి, డేంజర్ బోర్డు తగిలించి, అందరినీ వెనక్కి పంపాలి. రిటైరైనా ఆయనకు ఆ అలవాటు పోలేదు. మొదటి రోజు నా గది గుమ్మంలో నిలబడి స్లాబు వైపు చూసి, చేతికర్రతో తలుపు చట్రాన్ని రెండుసార్లు తట్టి గాని లోపలికి రాలేదు.

"ఏమన్నా, మా స్లాబు ఆగుతదా?" అని అడిగాను.

"ఇయ్యాలటికి ఆగుతది మేడం," అన్నాడు, నవ్వకుండా.

రెండు మోకాళ్లు, భుజాలు, చేతి వేళ్ల కీళ్లు నొప్పి అన్నాడు. పొద్దున లేవగానే పిడికిలి పడదన్నాడు. ముప్పై ఐదేళ్లు బావిలో వంగి, మోకరించి పనిచేసిన మనిషికి మోకాళ్ల నొప్పి రాకపోతే ఆశ్చర్యపోవాలి గాని, వస్తే ఏముంది? వేళ్లెందుకు పట్టేస్తున్నాయని నేను ఆలోచించలేదు. కీళ్ల లోపలి దాకా వేడి పంపే షార్ట్‌వేవ్ యంత్రాన్ని మోకాళ్లకు, కరిగించిన మైనంలో ముంచే కాపడాన్ని చేతులకు రాశాను.

ఆ వేడి కొందరికి ప్రమాదం కాబట్టి, యంత్రం పెట్టే ముందు పేషెంటును అడగవలసినవి కొన్ని ఉంటాయి. గుండెకు పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో ఎక్కడైనా లోహపు రాడ్డు వేశారా, కేన్సర్ ఉందా అని ఫారంలో వరుసగా గడులు. మొదటి రెండూ అడిగాను. మూడో గడిలో, ఎదురుగా నిలబడ్డ నిక్షేపం లాంటి మనిషిని చూసి, నేనే 'లేదు' అని రాసేశాను.

నాలుగు వారాలు గడిచాయి. నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు. ఇంట్లో చేయమన్న వ్యాయామాలు చేయడం లేదని నేను ఆయన్ని అనుమానించాను. యంత్రం పాతదైందని ఆయన దాన్ని అనుమానించాడు. ఇద్దరం చెరోవైపు మర్యాదగా మూతి ముడుచుకున్నాం.

ఐదో వారం ఆయన భార్య కనకవ్వ వెంట వచ్చింది. వచ్చీ రాగానే నన్ను అడిగింది: "మేడం, గీయన మీకు సూది సంగతి చెప్పిండా?"

రాజనర్సు మళ్లీ స్లాబు పరీక్షలో పడ్డాడు.

ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. ఏడాది కిందట ప్రోస్టేట్ గ్రంథికి కేన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేస్తున్నారు. తర్వాతిది వచ్చే సోమవారం. ఆడమనిషి ముందు మూత్రం దగ్గరి జబ్బు మాటెత్తలేక నాకు చెప్పలేదు. కాలనీలోనూ కంటి పరీక్షకు పోతున్నానని చెప్పుకున్నాడు. "అద్దాలేవని వాడకట్టంత అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?" అంది కనకవ్వ.

అసలు సంగతి అద్దాలు కాదు. సోమవారం హైదరాబాద్ పోనని ఆయన మొండికేశాడు. రెండో సూది తర్వాతే నొప్పులు మొదలయ్యాయట. "రూఫ్ రాలుతుంటే మనుషులను ఎనుకకు గుంజుకోవాలె గని, ఇంకింత ముందుకు తోల్తరా మేడం? బంద్ పెట్టిన," అన్నాడు. సూదికీ కంచె కట్టాడు, కాళ్లకూ కంచె కట్టాడు. నొప్పి పెడుతున్నాయని నడక మానేసి రోజంతా కుర్చీలో కూర్చుంటున్నాడట.

అంటుండగానే ఆయన ముఖం ఎర్రబడింది. మెడ మీద చెమట ముత్యాల్లా పోసింది. ఫ్యాను పెంచమన్నాడు. బయట వాన పడుతోంది.

కనకవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. "నాకు నెలసరి ఆగిననాడు గిట్లనే ఒళ్లంత ఆవిర్లు వచ్చినయి. గిట్లనే వేళ్లు పట్టుకపోయినయి. అప్పుడు గీయన ఏమన్నడో ఎరుకేనా? 'ఊకె ఫ్యాను కింద కూసుంటవేంది, లేసి పని చేస్కో' అన్నడు. ఇప్పుడు చెప్పుమను!"

నేను కూడా నవ్వాను. నవ్వుతూనే సిగ్గుపడ్డాను. ఈ కేన్సర్ మగ హార్మోన్ ఆసరాతో పెరుగుతుంది. ఇంజెక్షన్ ఆ హార్మోన్‌ను ఆపేస్తుంది. అది ఆగితే మగవాడి ఒంట్లోనూ ఆవిర్లు, కీళ్ల నొప్పులు, ఎముకల బలం తగ్గడం, ఇవన్నీ రావచ్చు. పుస్తకంలో చదివిన నాకు నాలుగు వారాల్లో తట్టనిది, అనుభవించిన కనకవ్వకు ముందే తెలుసు.

వెంటనే యంత్రం ఆపి, ఫారం పట్టుకుని ఆయన్ని పైఅంతస్తులో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. మూడో గడి అడగకుండా నింపింది నేనేనని చెప్పాను. ఫిజీషియన్ కళ్లజోడు పైనుంచి నన్ను ఒకసారి చూశారు. ఆ చూపు చాలు. మోకాళ్లకు పెట్టిన వేడి వల్ల హాని జరగలేదని తర్వాత తేలింది గాని, అది నా అదృష్టమే తప్ప జాగ్రత్త కాదు.

మెట్లు దిగుతూ రాజనర్సు గొంతు తగ్గించి అడిగాడు: "బొక్కలకు ఎక్కిందా మేడం?" జబ్బు ఎముకలకు పాకిందేమోనన్న భయాన్ని ఇన్నాళ్లూ ఆయన మోసుకు తిరిగాడని అప్పుడర్థమైంది. తెలియదని, పరీక్ష చేస్తే తెలుస్తుందని ఉన్నమాట చెప్పాను.

ఆ వారంలోనే పరీక్షలు చేయించారు. ఎముకలకు పాకలేదు. వేరే రకం వాతం కూడా కాదు. హైదరాబాద్ డాక్టర్లతో మాట్లాడి ఫిజీషియన్ నొప్పికి, ఎముకలకు మందులు రాశారు. సూది మాత్రం ఆపకూడదన్నారు. రాజనర్సు అన్నీ విని, "చూద్దాం తీయుండ్రి," అన్నాడు. ఆ 'చూద్దాం'కు 'పోను' అని అర్థమని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. అది శనివారం.

"అన్నా, బాయిల డేంజర్ బోర్డు పెట్టిన జాగను అట్లనే ఇడిసిపెడ్తరా?" అని అడిగాను.

ఆయనకు కోపం వచ్చింది. "ఎట్ల ఇడిసిపెడ్తరు మేడం? సపోర్టు నిలవెట్టాలె. షిఫ్టు షిఫ్టుకు పోయి చూడాలె. రిపోర్టు రాయాలె."

"మరి నీ మోకాళ్లకు సపోర్టు ఎవరు పెడ్తరు? తొడల కండ బలపడితేనే గద మోకాలు ఆగేది. కుర్చీల కూసుంటే కండ వస్తదా? సూది బంద్ పెడితే రాలేది మోకాళ్లు గాదన్నా, నువ్వు."

ఆయన చేతికర్రతో తన మోకాలిని రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. చివరికి అడిగిన మాట ఒక్కటే: "రిపోర్టు చూసెటోళ్లు ఎవరు?"

"నేను చూస్త," అంది కనకవ్వ.

సోమవారం పొద్దున బస్సుకు ఇద్దరూ పోయారు. పోతూ పోతూ కాలనీలో కనబడిన వాళ్లకు, కండ్లు కావు, కేన్సర్ అని కనకవ్వే చెప్పేసింది. మరుసటి వారం నుంచి ఆయన గీతల నోటుబుక్కు తెరిచాడు. పొద్దున ఆరింటికి కీలు కీలుకూ తనిఖీ. 'కుడి మోకాలు బిగుతు. ఎడమది నయం. పిడికిలి సగం. నడక ఇరవై నిమిషాలు.' కింద సర్దారు సంతకం, దాని కింద కనకవ్వ సంతకం. నడవని రోజున ఆమె సంతకం పెట్టేది కాదు.

నొప్పి పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. నేను రిటైరైన నెలలో ఆయన చూపించిన పేజీలో ఆఖరి వరుస ఇలా ఉంది: 'నొప్పి ఉన్నది. మనుషులు పనిచేయవచ్చును.'

రాజనర్సు తర్వాత, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఎవరి మోకాలైనా సరే, వాళ్లు వాడుతున్న మందులన్నీ చూడకుండా చేయి వేయలేదు. ఫారంలో 'లేదు' అని రాసే ముందు నోరు తెరిచి అడగాలి. అడిగినా మగవాడు స్లాబు వైపు చూస్తుంటే, బయట బెంచీ మీద కూర్చున్న ఇంటావిడను లోపలికి పిలవాలి.