నానమ్మ ముఖానికి వెలుతురు

మాఘమాసం, గురువారం, పొద్దున్న ఎనిమిదిన్నర. చోడవరంలో మా ఇంటి వసారా. తొమ్మిదింటి బస్సుకు నానమ్మ అనకాపల్లి వెళ్ళి కాశీ రైలెక్కాలి. ఆ రోజుల్లో కాశీ వెళ్ళే ముసలివాళ్ళు తిరిగొస్తారని ఎవరూ గట్టిగా అనేవారు కాదు. అందుకే ఆవిడ ఫొటో ఒకటి ఇంట్లో ఉండాలని పెదనాన్న పట్టుబట్టాడు. స్టూడియో గడప తొక్కనని నానమ్మ మొండికేసింది. మాడుగుల స్నేహితుడి డబ్బా కెమెరా నా దగ్గరుంది కాబట్టి పని నా నెత్తిన పడింది. అందులో మిగిలిన ఫిల్ము ఒక్క ఫొటోకే వస్తుంది.

"ముసల్దాని మొగం రాలేదో, నీ మొగం నాకు సూపించకు" అన్నాడు పెదనాన్న. (ఇదే మాట మా మేనమామతో అన్నాక ఆయన మా వీధిలోకే రావడం మానేశాడు.)

కెమెరాతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. (నాకప్పటికి తెలుగు చదవడమే రాదు. అక్షరాలు పెళ్ళయ్యాక నేర్చుకున్నాను.) అనకాపల్లి స్టూడియో కిటికీలోంచి తొంగిచూసిందే నా చదువు: ముఖానికి ఒక పక్క వెలుతురు పడితే, రెండో పక్కకి తెల్లటిదేదో అడ్డం పెట్టి ఆ వెలుతురుని మళ్ళించాలి. ఎండలో కూర్చుంటే నానమ్మ కళ్ళు తెరవలేదు. గుమ్మం పక్కన కూర్చోబెడితే సగం ముఖం చీకట్లో కలిసిపోయింది.

"ఏటిరా ఇది, సగం మడిసినే కాశీ పంపిస్తన్నావా?" అంది చిన్నత్త.

బావ చేత తెల్ల పంచె పట్టించాను. చాలలేదు. చివరికి చింతపండుతో తోమిన ఇత్తడి పళ్ళెం చిన్నత్త చేతికిచ్చాను. "ఎండ దీనిమీద పడి నానమ్మ మొగం మీదకెల్లాలి. కదపకత్తా!" వెలుగొచ్చింది. నానమ్మ ముఖంలో ప్రతి ముడతా కనిపించింది.

అంతలో బస్సు హారను. "కానీరా గుంటడా!" అని పెదనాన్న కేక. నేను కెమెరా మీది బుల్లి అద్దంలోకి తల వంచాను. చిన్నత్తది రోజూ దేవుడికి హారతి ఇచ్చే చెయ్యి. ఎదురుగా ముఖం, చేతిలో పళ్ళెం ఉన్నాక అది ఊరుకుంటుందా? దానంతటదే గుండ్రంగా తిరిగింది. వెలుగు ముఖం చుట్టూ తిరగ్గానే నానమ్మ రెండు చేతులూ పళ్ళెం మీదికి చాపి, కళ్ళకద్దుకుని, "నారాయణా" అంది. నా మీట టక్కుమంది.

"ఒసే, అది ఆరతి కాదే!" అని చెల్లెలి మీద అరిచాడు పెదనాన్న.

"నాకేటి తెల్సు అన్నయ్యా, సెయ్యి తిరిగిపోయింది!"

నానమ్మ బస్సెక్కేసింది. ఫొటో కడిగించి తెస్తే, ముఖం ఉండాల్సిన చోట రెండు చేతులే. అప్పటినుంచి నేను పెదనాన్న ఎదట పడలేదు. భోజనం కూడా పెరట్లోనే.

నానమ్మ గంగ చెంబుతో తిరిగొచ్చింది. ఫొటోని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. "నానేరా ఇది! సెరుకు గానుగలో నలిగిన ఏలు సూడు. మొగానికేటి, ఎవులికైనా ఉంటాది!"

పెదనాన్న పెరట్లోకి తల తిప్పి, "లోపలికొచ్చి తిను" అన్నాడు.

మళ్ళీ ఫొటోకి కూర్చోమంటే, "ఓపాలి తీసేవు కదా" అనేది. చివరికి గోడకెక్కింది అదే. ఇప్పుడు నా వేళ్ళూ వంకర తిరిగాయి. దాని ముందు నిలబడితే నవ్వొస్తుంది, ఎందుకో చేతులు కళ్ళ దాకా వెళతాయి.

ఆ రోజు వసారాలో ఉన్నవాళ్ళం: గుమ్మంలో పెదనాన్న, పంచెతో బావ, పళ్ళెంతో చిన్నత్త, నల్లడబ్బా వెనక నేను, రెండు చేతుల వెనక నానమ్మ.