పెద్ద ఓడలో లోపలి గది

మా తోడల్లుడంటే నాకు అసూయ. ఈ మాట ఒప్పుకోవడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. మా ఆవిడ చెల్లెలి మొగుడు అతను. గుణదలలో పళ్ళ డాక్టరు. మనిషి మంచివాడు, నాకు గిట్టనిది కూడా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఎప్పుడు కలిసినా "రండి అన్నయ్యగారూ" అంటూ లేచి నిలబడతాడు. పెద్దల్లుణ్ణి కాబట్టి అత్తగారింట్లో మొదటి వడ్డన నాకే. కానీ పప్పు కలుపుకునే లోపల కబుర్లన్నీ అతని కంచం దగ్గరికి చేరిపోతాయి.

కిందటేడు అతనూ మా మరదలూ చెన్నైలో ఓడెక్కి శ్రీలంక దాకా వెళ్ళొచ్చారు. వచ్చిన ఆదివారం మంగళగిరిలో మా అత్తగారింట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక అతను ఫోన్ని టీవీకి కలిపి ఫొటోలు వేశాడు. మా ఆవిడ మొదట సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి ముందుకి జరిగింది. ఇంకాసేపటికి కిందకి దిగి, చిన్నపిల్లలా టీవీ ముందు బాసింపట్టు వేసుకుంది.

"మరిదిగారూ, పొద్దున్నే లేవగానే ఏం కనపడుతుంది?"

"నీళ్ళే వదినా. అసలు లేవక్కర్లేదు. మంచం మీద ఇటు తిరిగితే చాలు, గాజు తలుపు అవతల అంతా సముద్రమే."

"పడుకునే చూడొచ్చా?"

"పడుకునే."

ఆ ఒక్క ప్రశ్ననే తిప్పి తిప్పి మూడుసార్లు అడిగింది. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది తను. లేచాక ఒక్క నిమిషం కూడా మంచం మీద ఉండదు. మంగినపూడి బీచికి ఎన్నిసార్లు తీసుకెళ్ళినా, చీర కాస్త తడిసేసరికి "ఇక పదండి, ఆలస్యమవుతుంది" అని నేనే లాక్కొచ్చేవాణ్ణి. సముద్రాన్ని పడుకుని చూడొచ్చనే సంగతి ఆవిడకి ఆవేళే తెలిసింది. ఆ మాట చెప్పినవాడు నేను కాదు. ఇన్నేళ్ళలో తను నన్ను అడిగే ప్రశ్నలు రెండే: కొట్టుకి ఎన్నింటికి వెళ్తారు, ఎన్నింటికి వస్తారు.

ఇంటికి వస్తూ కారులోనే చెప్పేశాను. "మనమూ వెళ్దాం."

"నిజంగానా? ఆ ఓడేనా?"

"దాన్ని తలదన్నేది."

నాకు వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో కొట్టు వదిలి వెళ్ళడం కుదరదు. మాకు తీరిక దొరికేది మూఢంలోనే. మూఢంలో ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే బేరాలుండవు. అందుకని మూఢంలో ఒక వారం చూసుకుని, గవర్నరుపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడున్న అమ్మాయి రెండు ఓడల రంగుల పుస్తకాలు నా ముందు పెట్టింది. ఒకటి మా తోడల్లుడు ఎక్కిన ఓడ. రెండోది సింగపూర్ నుంచి బయల్దేరేది.

మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. బట్టని ఎప్పుడూ తిరగేసి చూడాలి. పైన జరీ మెరుస్తుంది, అసలు సంగతి వెనకవైపు తెలుస్తుంది. ఇంటికొచ్చి అతని ఓడని అలాగే తిరగేశాను. ఎక్కినవాళ్ళు ఇంటర్నెట్లో రాసిన మాటల్లో తిట్లని మాత్రమే ఏరుకుని చదివాను. భోజనానికి లైనులో నిలబడాలని ఒకాయన, లిఫ్టు పాడైందని ఒకావిడ. నాకు పండగలా ఉంది. రెండో ఓడని తిరగెయ్యలేదు. దాని పైమెరుపు చూసి మురిసిపోయాను. అతని ఓడకి పదకొండు అంతస్తులు, దీనికి పదహారు. అతనికి ఈతకొలను ఒకటి, దీనికి నాలుగు. దీంట్లో ఎక్కడానికి తాళ్ళు కట్టిన గోడ కూడా ఉంది. నా మోకాళ్ళతో నేను ఎక్కేదేమీ లేదు, అయినా అతని ఓడలో లేదు కదా. రోజూ కొట్టు కట్టేసి వచ్చాక ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అతని ఓడ ఏ విషయంలోనైనా గెలిస్తే ఆ సంగతి ఇంక చూసేవాణ్ణి కాదు.

"ఆ చిన్నదాంట్లో పొద్దున్నే ఇడ్లీ, సాంబారు పెడతారటండీ" అంది మా ఆవిడ.

"ఇడ్లీ తినడానికి ఓడెక్కాలా?"

"మీ ఇష్టం. ఏదైనా సరే, పడుకుంటే సముద్రం కనపడాలి. నాకు అదొక్కటే."

"కనపడుతుందిలే" అన్నాను.

కానీ రెండోసారి వెళ్ళినప్పుడు ట్రావెల్స్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "సార్, మీరు చెప్పిన తేదీలకి పెద్ద ఓడలో కిటికీ ఉన్న గదులన్నీ అయిపోయాయండీ. లోపలి గదులే ఉన్నాయి. వాటికి నాలుగువైపులా గోడలే. ఆంటీగారికి సముద్రం కనపడాలన్నారు కదా, చిన్న ఓడలో బాల్కనీ గది రెడీగా ఉందండీ, అదే తీసుకోండి."

ఆ పిల్ల ఇంత వివరంగా చెప్పింది. నాకు అర్థమైంది కూడా. చిన్న ఓడెక్కితే మా తోడల్లుడు ఏమంటాడో నాకు అప్పుడే వినపడుతోంది. "మంచి పని చేశారు అన్నయ్యగారూ, అక్కడ కుడివైపు కూర్చోండి, ఫలానాది తినండి." వారం రోజులూ అతను నడిచిన దారిలో అతని అడుగుల్లో అడుగులేస్తూ తిరగాలి. పెద్ద ఓడకే సంతకం పెట్టేశాను. మా ఆవిడకి గది సంగతి చెప్పలేదు.

మూఢంలో కొత్త ప్రయాణం పెట్టుకున్నామని మా అత్తగారు నొచ్చుకున్నారు. "పోనీ, మూఢం రాకముందే మంచిరోజు చూసి ఒక పెట్టె వేరే ఇంట్లో ప్రస్థానం ఉంచండి బాబూ. ఆ రోజే బయల్దేరినట్టు లెక్క" అన్నారు. వేరే ఇల్లు ఎవరిదని అడగక్కర్లేదు. గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళే దారిలో గుణదల. నా సూట్‌కేసు తొమ్మిది రోజులపాటు మా తోడల్లుడింట్లో కూర్చుంది. కొట్లో ఉన్నా నా మనసు దాని మీదే. బయల్దేరేవేళ దాన్ని అతనే మోసుకొచ్చి కారులో పెట్టాడు. మా ఆవిడ చేతికి తన బైనాక్యులర్స్ ఇచ్చాడు.

"బాల్కనీలో కూర్చుని చూడండి వదినా. మాకు డాల్ఫిన్లు కనపడ్డాయి."

మా ఆవిడ మురిసిపోయింది. నేను డ్రైవర్ని కసిరాను.

సింగపూర్‌లో ఓడ పెద్దదన్నది నిజం. మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. గది తలుపు తెరవగానే మంచానికి ఎదురుగా గోడ నిండా తెర వేలాడుతోంది. మా ఆవిడ చెప్పులైనా విప్పకుండా నేరుగా వెళ్ళి ఆ తెర లాగింది. వెనక గోడ. ఇంకాస్త పక్కకి జరిపింది. అక్కడా గోడే. చివరిదాకా లాగి, అరచేత్తో గోడని ఒకసారి తడిమి చూసింది.

"ఏదో పొరపాటు జరిగినట్టుంది" అన్నాను.

"అడగండి మరి."

అడగడానికని బయటికి వెళ్ళాను. లిఫ్టుల దగ్గర కాసేపు నిలబడి వచ్చాను. "అన్నీ నిండిపోయాయట" అన్నాను.

"పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు" అని తెర మళ్ళీ మూసేసింది.

ఆ గదిలో తెల్లవారిందో లేదో తెలిసేది కాదు. తను అలారం పెట్టుకుని లేచి, చీర మార్చుకుని, శాలువా కప్పుకుని పై అంతస్తుకి వెళ్ళేది. అక్కడ పడక కుర్చీలుండేవి. పడుకుంటే రెయిలింగు అడ్డం వచ్చేది, లేచి నిలబడితే సముద్రం కనపడేది. రోజూ కాసేపు నిలబడి చూసి వచ్చేసేది. నేను మాత్రం ఏ అంతస్తు కనపడితే ఆ అంతస్తులో ఫొటోలు తీసి మా తోడల్లుడికి పంపాను. ఎక్కలేని గోడని కూడా పంపాను. ప్రతిదానికీ "సూపర్ అన్నయ్యగారూ" అని జవాబొచ్చేది. అసూయ లేశమైనా లేని ఆ సూపర్లు చూసి నాకు ఒళ్ళు మండేది. నేను ఇంత చేసింది అతను మెచ్చుకోవాలని కాదు కదా.

తిరిగొచ్చాక మళ్ళీ ఆదివారం, మళ్ళీ మంగళగిరి. అందరం భోజనాల దగ్గర ఉండగా మా తోడల్లుడు అడిగాడు. "వదినా, అసలు సంగతి చెప్పండి. పడుకుంటే సముద్రం కనపడిందా?"

నేను తల దించుకుని పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాను.

"ఎందుకు కనపడదు మరిదిగారూ!" అంది మా ఆవిడ. "మీకు గాజు తలుపే కదా, మాకు గోడంతా గాజే. కళ్ళు తెరిస్తే నీళ్ళు. రాను రాను లేవబుద్ధయ్యేది కాదు."

అతను నవ్వుతూనే ఉన్నాడు, కానీ ముఖం రవ్వంత వాడింది. మా మరదలు నిట్టూర్చింది. "మనం తొందరపడ్డాం. బావగారిలా నాలుగూ చూసుకుని ఎక్కాల్సింది" అంది మొగుడితో. అతను తలూపాడు. "అదృష్టవంతులండీ అన్నయ్యగారూ" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఇన్నేళ్ళూ నాలోపల మోగిన గొంతు అది. ఇన్నాళ్ళకి దాన్ని అతని నోట విన్నాను. ఇంకో గరిటె పెరుగు వేయించుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, అంత తృప్తిగా నేను ఎన్నడూ తినలేదు. మా ఆవిడ నా పరువు నిలబెట్టిందని లోలోపల పొంగిపోయాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరాం. కారు కృష్ణ వారధి ఎక్కుతుండగా తను అంది.

"ఏవండీ, రేపు ఆ ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్దాం. మీకు మొహమాటమైతే నేనే అడుగుతాను. సముద్రం కనపడే గదని చెప్పి ఆ కొట్టుగది అంటగడతారా? ఆ అమ్మాయిని ఊరికే వదలకూడదు."

ఇంకో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ రేపు ఆ పిల్ల నా సంతకం తీసి చూపిస్తుంది.

"ఆ అమ్మాయి తప్పేం లేదు. కిటికీ ఉండదని ముందే చెప్పింది. నేనే తీసుకున్నాను."

"తెలిసేనా?"

"తెలిసే."

"ఎందుకండీ?"

"అతనెక్కిన ఓడకంటే అది పెద్దది."

తను కిటికీ వైపు తిరిగి ఏటిని చూస్తూ కూర్చుంది. వారధి దాటాక, కోపమేమీ లేని గొంతుతో అంది.

"మిమ్మల్ని ఎవరో మోసం చేశారనుకున్నాను. మరిదిగారి ముందు చిన్నబోతారని అంత అబద్ధం ఆడాను. ముందే తెలిస్తే ఆయనకి నిజమే చెప్పేదాన్ని."