జేజినాయన తీసిన బట్టమేక పిట్ట ఫోటో

నా చిన్నప్పుడు మా ఇంటివాళ్లు చిత్తూరు కచేరీలో అడుగుపెడితే బంట్రోతులు లేచి నిలబడేవారు. మా ముత్తాత పద్నాలుగు ఊళ్లకు మిట్టాదారు, అంటే చిన్నపాటి జమీందారు. ఆయన తండ్రి తవ్వించిన చెరువు కింద ఈనాటికీ వరి పండుతోంది. నేను పుట్టేసరికి ఊళ్లు చాలావరకు చేజారాయి గాని మర్యాదలు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. పెద్దల దగ్గర సెలవు తీసుకున్నవాడు చేతులు కట్టుకుని, వాళ్లనే చూస్తూ వెనకడుగులు వేయాలి. వాళ్లకు వీపు చూపడం మా ఇంట్లో పెద్ద తప్పు.

మా జేజినాయన, అంటే నాయనకు నాయన, వయసులో పేరున్న వేటగాడు. నడివయసులో తుపాకీ పక్కన పెట్టి, గాజు పలకల మీద ఫోటో తీసే మూడుకాళ్ల కెమెరా కొన్నారు. పుంగనూరు అవతల మాకు మిగిలిన గడ్డిబీడులో బట్టమేక పిట్ట ఉందని ఆయన మద్రాసుకు జాబు రాశారు. మనిషి నడుము దాకా వచ్చే పక్షి అది. పక్షుల శాస్త్రం చదివిన ఒక పెద్దమనిషి అక్కడి నుంచి బదులిచ్చాడు. మీ జిల్లాలో ఆ పక్షి లేదు, మీరు కొంగనో రాబందునో చూసి ఉంటారు, నమ్మమంటే కాల్చి చర్మం పంపండి అని. జేజినాయన ఆ జాబును రెండుసార్లు చదివి, "ఉండేది ఒగటో రెండో. దాన్ని సంపి, ఉండాదని సెప్పేదేంది?" అన్నారు. ఆయన మాట అబద్ధమన్నవాడు అంతకుముందు ఎవడూ లేడు.

బీడులో గొర్రెలు కాసే ముసలాయన దాని గుడ్డును చూసిపెట్టాడు. నేలమీదే, ఒక్కటే గుడ్డు. నాలుగైదు రోజుల్లో పిల్ల బయటికి వస్తుందని, రాగానే తల్లి దాన్ని నడిపించుకుని పోతుందని చెప్పాడు. కాపరులు వానకు తలదాచుకునే తాటాకు గూడును రోజుకు కొన్ని బారలు జరుపుతూ గుడ్డు దగ్గరికి తెచ్చాడు. గూడుకు పిట్ట అలవాటుపడింది. అందులో దాక్కుని ఫోటో తీసి మద్రాసుకు పంపాలని జేజినాయన ఆలోచన. యుద్ధం రోజులు, గాజు పలకలు దొరకవు. జేజినాయన దగ్గర మిగిలింది ఒక్కటే.

"పిట్టకు లెక్కలు రావు సామీ" అన్నాడు ముసలాయన. "ఇద్దరు లోపలికి పోయి ఒగరు బయటికొస్తే, అందరూ పోయినారనుకుంటాది." ముసలాయన తన మందను గుడ్డు వైపు రాకుండా చూసుకోవాలి. అందుకే బయటికి వచ్చే పని నాకు పడింది. అప్పుడు నాకు పదేళ్లు.

మొదటి రోజు నేను జేజినాయనతో గూడులోకి వెళ్లాను. ఆయన కెమెరా సర్దుకున్నాక చేతులు కట్టుకుని, నేర్పిన పద్ధతిలో ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ బయటికి వచ్చాను. నా అంత మర్యాదగా ఆ పని ఎవరూ చేయలేరని లోపల గర్వం. పిట్ట దూరంగా నిలబడి, మెడ సాచి, గూడునే చూసింది. ఎండ ముదిరినా రాలేదు. గుడ్డు ఎండకు చెడుతుందేమోనని జేజినాయనే లేచి వచ్చేశారు.

మరునాడు పొద్దున్నే ముసలాయన నన్ను పక్కకు పిలిచాడు. "సిన్నయ్యా, నువ్వు గూడు తట్టు సూస్తా వొంగి వొంగి పోతే అదీ గూడు తట్టే సూస్తాది. ఆడెవరో పెద్దోళ్లు ఉండారని దానికి నువ్వే సెప్పినావు గదా."

నాకు తల కొట్టేసినట్టయింది. జేజినాయనకు వీపు చూపలేనని ఏడుపు గొంతుతో అన్నాను. ముసలాయన నవ్వి, అయితే మీ తాతకు మొక్కుకుంటా ఉండు, పిట్ట ఇంకో ఊరికి పోతాది అన్నాడు. జేజినాయన అంతా విన్నారు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ పొద్దుకు నేను లోపల లేననుకో అబ్బోడా. పని ముగించుకున్న కూలోడు ఇంటికి పోతాడే, అట్ల పో. తిరిగి సూడొద్దు" అన్నారు. అంతటి మనిషి, తనకు జరగాల్సిన మర్యాదను తానే వద్దన్నారు.

గూడులోంచి వచ్చి వీపు తిప్పి నడిచాను. చూడాలని మెడ నరాలు లాగాయి. దూరంగా ఒక బండ దాకా పోయి, అటు తిరిగే కూర్చున్నాను. చాలాసేపటికి, ఫోటో తీయడం అయిందని ముసలాయన ఈల వేశాడు. పిట్ట వచ్చిందనీ, గుడ్డు మీద కూర్చుందనీ ఆయన చెబితేనే తెలిసింది. నేను దాన్ని ఫోటోలోనే దగ్గరగా చూశాను. నెత్తిన నల్లటి టోపీ, తెల్లటి పొడుగు మెడ. ఆ ఫోటో అందాక మద్రాసు పెద్దమనిషి, తన తొందరపాటును మన్నించమని జాబు రాశాడు.

ఎదురుగా నిలబడి చేతులు కట్టుకోవడమే గౌరవమని ఆనాటిదాకా అనుకునేవాణ్ణి. ఒకరి పని జరగడానికి మనం పూర్తిగా వెళ్లిపోవాల్సి ఉంటుందనీ, సగం వెళ్లి చూస్తూ నిలబడితే ఆ పని చెడుతుందనీ ఆ బీడులో తెలిసింది. నా కూతుర్ని తిరుపతి హాస్టల్లో చేర్చిన రోజు గేటు దగ్గర ఆగకుండా వచ్చి బస్సెక్కాను. ఇప్పటికీ ఎవరినైనా సాగనంపితే, ఒకసారే సెలవు చెప్పి లోపలికి వచ్చేస్తాను.

జేజినాయన పోయిన ఏడాదే కెమెరాను చిత్తూరులో ఒక స్టూడియోకు అమ్మాం. తర్వాత ఇల్లు పోయింది. బీడును మాత్రం చాలాకాలం అట్టిపెట్టాను. చివరికి దాన్నీ నేనే అమ్మాను. కొన్నవాళ్లు దున్ని వేరుశనగ వేశారు.