పన్నెండు తప్పుల కొమ్ములు

తన చేత్తో చేసిన వస్తువును ఎవరైనా కొనబోతే, అందులో తప్పెక్కడుందో ముందుగా చెప్పి తీరాలి సైరకాన్‌కి. చెప్పకపోతే ఆ పూట ఆవిడకి టీ గొంతు దిగదు.

బిష్కెక్ నగరంలోని హస్తకళల సంతలో ఇరవై ఏళ్లు బల్ల వేసింది. ఉన్నిని సబ్బునీళ్లతో తడిపి, మోచేతులతో అదిమి అదిమి ఆవిడ చేసే టోపీలు, చెప్పులు చూస్తే చూపు తిప్పుకోలేం. ఎవరో యాత్రికుడు ముచ్చటపడి టోపీ నెత్తిన పెట్టుకుంటాడు, పర్సు తీస్తాడు. "ఆగు నాయనా, నీ చెవి పైన ఒక కుట్టు పక్కకి జరిగింది" అంటుంది. టోపీ బల్ల మీదికి, పర్సు జేబులోకి. ఒకసారి పెళ్లివారు అరవై జతల చెప్పులు అడిగితే జతకో లోపం వరసగా చెప్పుకుంటూ పోయింది. ముప్పై నాలుగో జత దగ్గర పెళ్లికొడుకు తండ్రి లేచి వెళ్లిపోయాడు. మిగతా ఇరవై ఆరు జతల సంగతీ వినకుండా వెళ్లాడే అని ఆవిడకి ఇప్పటికీ బాధ.

ఈవిడ మాటలు విన్నవాళ్లు పక్క బల్లల మీద సరుకు కూడా తిరగేసి కుట్లు వెతకడం మొదలుపెట్టారు. దాంతో సంత పెద్దలు ఈ ఏడు నీకు చోటు లేదన్నారు. సైరకాన్ ఇంటికొచ్చి ఉన్ని మూటలన్నీ అటకెక్కించేసింది.

ఆవిడ మేనకోడలు బెగాయిమ్ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అత్త చేతులు ఖాళీగా ఒళ్లో పడి ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చూడలేకపోయింది కూడా. కార్టూన్ కథల అభిమానులు ఏటా వసంతంలో ఆటల ప్రాంగణంలో వేషాలు కట్టి కలుసుకుంటారు. అక్కడ అత్త పేరున ఒక బల్ల రాయించేసి వచ్చి, డ్రాగన్ కొమ్ములు చెయ్యమంది.

"డ్రాగన్‌ని చూసినవాళ్లు ఎవరే?" అంది సైరకాన్.

"ఎవరూ లేరత్తా."

"మరి తప్పు పట్టేదెలా?"

ఆ దిగులుతోనే రెండు నెలలు కొండమేకల కొమ్ములు చూసి చూసి, డజను జతలు చేసింది.

ప్రాంగణంలోకి అడుగుపెట్టగానే ఇద్దరూ నిలబడిపోయారు. తలుపంత రెక్కల వాళ్లు, నీలం జుట్టు వాళ్లు, అట్టముక్కలతో రెండు నిలువుల ఎత్తు మరమనుషులు. ఒక తోక వెళుతుంటే దాని వెనకాల పదిమంది ఆగి దారిస్తున్నారు.

"ఇవన్నీ ఎవరు కుట్టారే?"

"ఎవరివి వాళ్లే కుట్టుకున్నారత్తా."

సైరకాన్ ఒక్కో వేషం దగ్గరా ఆగి కుట్లు చూసుకుంటూ నడిచింది. ఆవిడ నోట తప్పు అన్న మాట రాకుండా అంతసేపు గడవటం బెగాయిమ్‌కి తెలిసి అదే మొదలు.

అట్ట కవచం తొడుక్కున్న కుర్రవాడొకడు వచ్చి కొమ్ముల జత ఎత్తాడు. బెగాయిమ్ కళ్లు మూసుకుంది. ఎడమ కొమ్ము వంపు చివర కాస్త తొందరపడిందని అత్త చెప్పేసింది. కుర్రవాడు కొమ్ము దింపలేదు. ముక్కు ఆనించి చూశాడు. తన భుజం పట్టీ కూడా అంతేనని, మూడుసార్లు విప్పి కుట్టానని మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకున్నాక కొమ్ములు పెట్టుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి బల్ల ముందు పెద్ద వరస. కొన్నవాళ్లు కొన్నారు, తక్కినవాళ్లు తమ కుట్లు చూపించుకున్నారు. నెలల తరబడి ఒంటరిగా సూదితో కుస్తీ పట్టినవాళ్లకి, తప్పు కనిపెట్టగల మనిషి దొరకడమంటే చుట్టం దొరికినట్టే.

సాయంత్రం వేషాల పోటీ మొదలైంది. అప్పుడు బల్ల వెనకాల ఎవరో ముడుచుకుని కూర్చున్నట్టు బెగాయిమ్ గమనించింది. తెల్లటి మంచుచిరుత వేషం కట్టిన అమ్మాయి. నారిన్ నుంచి ఆరుగంటలు బస్సులో వచ్చిన ఆ అమ్మాయి పేరు నూరిజా. వేదిక మీద ఆ పేరే పిలుస్తున్నారు.

"నేను వెళ్లను పెద్దమ్మా. తోక వంకర, చెయ్యి పొట్టి, ఒక చెవి వాలిపోయింది. మూడు తప్పులు. అందరికీ కనిపిస్తాయి."

సూది పట్టే వ్యవధి లేదు. సైరకాన్ బల్ల మధ్యలోని పెద్ద తెల్ల కొమ్ముల జత తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. అది అమ్మకానికి కాదని పొద్దుటినుంచీ అందరినీ తిప్పి పంపిన జత. వేలు ఆనించి తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ ఉన్ని పలచన, ఇక్కడ ముడి, ఇక్కడ వంపు బద్ధకం. మొత్తం పన్నెండు.

"ఇన్ని తప్పులు పెట్టుకుని పొద్దుటినుంచీ ఊరందరి ముందూ నిలబడ్డాను. నీవి మూడే కదే, పోవే తల్లీ."

నూరిజా ముక్కు తుడుచుకుంది, నవ్వింది, కొమ్ములు బల్ల మీద పెట్టి పరుగెత్తింది. బహుమతి వేరెవరికో వచ్చింది. కానీ వంకర తోక ఊపుతూ ఆ పిల్ల వేదిక మీద తిరిగిన తీరుకి ప్రాంగణమంతా లేచి చప్పట్లు కొట్టింది.

సరుకు సర్దుతూ బెగాయిమ్ తెల్ల కొమ్ముల్ని దీపం కిందికి తీసుకెళ్లింది. తిప్పి చూసింది, వేళ్లతో నొక్కి చూసింది. ఉన్ని రాయిలా బిగిసి ఉంది, వంపు కొండమేకకైనా లేనంత నిండుగా ఉంది. మనిషి చేతులు ఇలాంటిది చెయ్యగలవా అనిపించింది.

"ఇందులో ఒక్క తప్పూ లేదత్తా. పన్నెండని ఎందుకు చెప్పావు?"

సైరకాన్ దొంగతనంలో పట్టుబడ్డదానిలా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మూడు తప్పులతో ఆ పిల్ల ఒక్కతే కూర్చునుంది కదే. తోడు ఉండొద్దూ?"