కాటా చీటీ మీద టైము

ఇరవై రెండేళ్లు లారీలు తూచిన మనిషి అమ్మమ్మ. ఊరి చివర కాటా గదిలో కిటికీ పక్కన కూర్చుని, బండి కాటా మీదికి ఎక్కగానే బరువు చూసి చీటీ ఇచ్చేది. మనిషి నిండా అయిదడుగులు ఉండదు. పదహారు చక్రాల బండిని "వెనక్కి పో" అంటే పోవాల్సిందే. ఇంట్లోవాళ్లనూ అలాగే తోలేది.

అలాంటి మనిషిని లారీయే గుద్దింది. పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్తూ, రోడ్డు దిగి మట్టిలో నడుస్తుంటే వెనక నుంచి వచ్చి తుంటి విరగ్గొట్టింది. డ్రైవరు స్టీరింగు మీదే నిద్రపోయాడు. కిందికి దూకి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, "రెండ్రోజులుగా పడుకోనివ్వలేదమ్మా" అని ఏడ్చాడు. ఆ మాట విన్నది ఆమె ఒక్కతే. పోలీసులకు చెబితే, దెబ్బ మైకంలో ఏదో విని ఉంటారులే అన్నారు.

నాలుగు నెలలు గడిచాక లారీ కంపెనీ మేనేజరు ఫైలు పట్టుకుని ఇంటికొచ్చాడు. అల్లుడు పరుగెత్తి కుర్చీ వేశాడు. మంచం మీద దిండ్లకు ఆనుకున్న అమ్మమ్మ, ఆయనిచ్చిన కాగితం ఒక్క అక్షరం వదలకుండా చదివింది. డ్రైవరు రాత్రి పది నుంచి తెల్లవారుజామున అయిదు దాకా నిద్రపోయాడట. ఆమే చూసుకోకుండా అడ్డం వచ్చిందట. ఇకమీదట కంపెనీని ఎక్కడా ఏమీ అడగదట.

"సంతకం పెడితే చెక్కు ఇవాళే, పెద్దమ్మా."

"పెట్టెయ్యండి అత్తయ్యా. కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అన్నాడు అల్లుడు.

"నువ్వెలాగూ తిరగవు. నేనసలు తిరగలేను. మధ్యలో నీకెందుకు బెంగ?"

మేనేజరు నవ్వి, "మా వైపు ఏ తప్పూ లేదు. లోడు కూడా ఎక్కువ లేదు. మీకు తెలిసిన పనే, చూడండి" అని ఫైల్లోంచి ఆ ముందు రాత్రి వేరే ఊళ్లో తూచిన కాటా చీటీ తీసి ఆమె చేతికిచ్చాడు. అక్కడే పప్పులో కాలేశాడు. చీటీలో అందరూ బరువు చూస్తారు. కాటా దగ్గర పనిచేసినవాళ్లు ముందు టైము చూస్తారు. ఎవరి బండి ముందొచ్చిందని రోజూ కొట్లాటే కదా.

"ఖాళీ బండి తూచింది పదకొండు గంటల పది నిమిషాలకి. లోడుతో తూచింది మూడూ నలభైకి. రెండింటి కిందా డ్రైవరు సంతకం" అంది అమ్మమ్మ. "పదింటికే పడుకున్నవాడు నిద్దట్లో నడిచొచ్చి పెట్టాడా?"

మేనేజరు చెయ్యి చాచాడు. "అది ఇటివ్వండి, ఆఫీసు కాగితం."

ఆమె దాన్ని విరిగిన తుంటి కిందికి తోసింది. అటువైపు చెయ్యి పెట్టాలంటే డాక్టరే జంకుతాడు.

"వాణ్ణి పడుకోనివ్వలేదు మీరు. ఇప్పుడేమో పడుకున్నాడని రాశారు. నేను అడ్డం వచ్చానా? మీ బండ్లకు దారి వదిలి ఇన్నేళ్లూ ఆ మట్టిలోనే నడిచాను. లేచి బయటికి నడు."

మేనేజరు లేచాడో లేదో, అల్లుడు కుర్చీ మడిచేశాడు. ఆ ఇంట్లో ఆయన చేసిన ధైర్యం అదొక్కటే.

సాయంత్రం పక్కవీధి లాయరమ్మ వచ్చి చీటీని రెండు వైపులా ఫోటో తీసుకుంది. డ్రైవరు చేసినదానికి యజమాని కూడా జవాబు చెప్పాలనీ, ఆ వారం చీటీలూ డ్యూటీ లెక్కలూ కోర్టుకు తెప్పించమని అడగొచ్చనీ, వైద్యం ఖర్చూ పోయిన జీతమూ ఇక ముందు పని చేయలేనందుకు పరిహారమూ అన్నీ అడిగే హక్కు ఉందనీ వివరంగా చెప్పింది. తర్వాత కోర్టుకిచ్చే దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది: డ్రైవరు నిర్లక్ష్యం వల్ల...

"కొట్టెయ్యి" అంది అమ్మమ్మ.

"వాడి పేరు లేకుండా కుదరదు పెద్దమ్మా."

"ఉండనీ. వాణ్ణి పడుకోనివ్వనివాళ్ల పేరు పైన ఉండాలి."

రెండో కాగితంలో కంపెనీ పేరు పైకెక్కింది. కానీ కింద 'డ్రైవరు అలసట వల్ల' అని ఉంది.

"అలసట ఊరికే వచ్చిందా? ఎవరు తెచ్చారో రాయి."

లాయరమ్మ మూడో కాగితం తీసింది.